ఎండాకాలపు కిక్రి

కిక్రి మూడు తీగల వాద్యం. కమానుతో మోగుతుంది. గోదావరికి ఉత్తరాన మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్, ఆదిలాబాద్, నిర్మల్ జిల్లాల గోండు గూడేలు దీని తావు. దీన్ని వాయించేది రెండు చిన్న తెగలవాళ్లు: ప్రధానులు, తోటివాళ్లు. దేవతలు ఎలా పుట్టారు, ఏ ఇంటిపేరు ఏ దేవుడి నీడలో ఉంది, ఎవరికి ఎవరు అన్నదమ్ముల వరస, ఎవరికి ఎవరు వియ్యపు వరస అనే సంగతులన్నీ గోండులకు ఈ తీగల మీదుగానే తరం వెంట తరంగా అందుతూ వచ్చాయి. కిక్రికి ఏడాది పొడవునా ఏదో ఒక పని ఉంటుంది. ఊపిరి సలపని కాలం మాత్రం ఎండాకాలమే. చేలు ఖాళీ అయి, పెళ్లి ముహూర్తాలు కుదిరి, కులదైవానికి మొక్కులు చెల్లించే వైశాఖం వచ్చిందంటే వాయిద్యగాడు సొంత ఇంట్లో ఉండే రాత్రులు తక్కువ.

మంచిర్యాల అనగానే సింగరేణి బొగ్గు గనులు, కాజీపేట నుంచి బల్లార్షా పోయే రైలుదారి గుర్తుకొస్తాయి. 2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాద్ జిల్లా నాలుగు ముక్కలైనప్పుడు ఇది జిల్లా కేంద్రమైంది. పట్నం దాటి లక్సెట్టిపేట మీదుగా పడమటికి పోతే దండేపల్లి, జన్నారం మండలాలు వస్తాయి. ఎడమ పక్క గోదావరి, కుడి పక్క కవ్వాల అడవి. అదే దారి ఉట్నూరుకు, అక్కడి నుంచి ఇంద్రవెల్లికి ఎక్కుతుంది. ఈ దారికి అటూ ఇటూ గోండులు, కోలాములు, నాయకపోడులు, ప్రధానులు, తోటివాళ్లు తరాలుగా ఉంటున్నారు. గోండులు తమను తాము కోయితూర్ అని చెప్పుకుంటారు. ఒకప్పుడు చాందా కోట, అంటే నేటి చంద్రపూర్, కేంద్రంగా రాజ్యమేలిన జాతి అది. 1751లో ఆ రాజ్యం మరాఠాల చేతికి పోయింది. కోటలు పోయినా కథలు మిగిలాయి. వాటిని మిగిల్చిన వాళ్లలో కిక్రి పట్టినవాళ్లు ముందు వరసలో ఉంటారు.

ప్రధానుల సంగతి వింతగా ఉంటుంది. ఈ ప్రాంతపు ప్రధానులు ఇంట్లో మాట్లాడేది మరాఠీ. కిక్రి చేతికి తీసుకోగానే నోట గోండి పలుకుతుంది. ఇంటి భాష ఒకటి, కథ భాష మరొకటి. తాము పాడే కథకు సొంతదారులు గోండులు కాబట్టి వాళ్ల భాషనే పట్టు వదలకుండా కాపాడారు. తోటివాళ్ల ఇంటి భాష గోండియే. ప్రత్యేకంగా కాపాడుకోవలసిన ఆదిమ తెగలుగా తెలంగాణలో గుర్తించిన నాలుగింటిలో తోటి తెగ ఒకటి. కోలాం, చెంచు, కొండరెడ్డి తక్కినవి. తోటి మగవాళ్లు వాద్యాలు వాయిస్తే, ఆడవాళ్లు పచ్చబొట్లు పొడిచేవారు. ఆ మగవాళ్ల కథా, ఆ ఆడవాళ్ల పచ్చబొట్టూ రెండూ గోండుల ఇళ్లతో ముడిపడినవే.

కిక్రి చూడటానికి చాలా సాదా వాద్యం. కొయ్యను తొలిచి డొల్ల చేస్తారు. దాని నోటికి తోలు బిగిస్తారు. పైకి పోయే కాండానికి మూడు బిరడలు, వాటి నుంచి కిందికి మూడు తీగలు. పాతకాలపు పద్ధతిలో ఆ తీగలు గుర్రపు వెంట్రుకలు పేని చేసినవే. కమానుకు కట్టేదీ గుర్రపు వెంట్రుకలే. వీణకున్నట్టు మెట్లు ఉండవు. వేలు ఎక్కడ ఆనించాలో చెవి చెప్పాలి. అందుకే ఒక స్వరం నుంచి మరో స్వరానికి వేలు జారుతూ పోతుంది. మనిషి గొంతు పోయే తీరూ అదే. వెంట్రుక మీద వెంట్రుక రాపిడితో పుట్టే ధ్వని కాస్త గరుకుగా, దగ్గరగా, ఎవరో పక్కన కూర్చుని మాట్లాడినట్టు వినిపిస్తుంది. పెద్ద మైదానంలో వేలమందికి వినిపించే గొంతు దీనికి లేదు. ముంగిట్లో చాపల మీద కూర్చున్న నలభై యాభై మందికి సరిపోయే వాద్యం ఇది.

బయట ఊరేగింపులకు, ఆటకు వేరే వాద్యాలున్నాయి. పెప్రె సన్నాయి జాతి వాద్యం. కాలికోం ఊదే కొమ్ము. డోలుకు రెండు ముఖాలు. ప్రధానులైనా తోటివాళ్లైనా ఈ మేళం అంతా తమ దగ్గర ఉంచుకుంటారు. దేవుడు కదిలితే పెప్రె, డోలు ముందు నడుస్తాయి. దేవుడి కథ చెప్పేటప్పుడు అవి ఆగి కిక్రి అందుకుంటుంది. దీపావళి నాళ్ల దండారీలో నెమలి ఈకల టోపీలు పెట్టుకుని ఆడే గుస్సాడీల వెంట మోగే గుమేల, పర్ర వంటి తప్పెట్లు గూడెంలోని గోండులే వాయించుకుంటారు. ఏ వాద్యం ఎవరి చేతిది, ఏ వేళకు ఏది అన్న లెక్క ఇక్కడ పక్కాగా ఉంటుంది.

కిక్రి వాయించే ఇంటికీ, వినే ఇంటికీ ఉన్న సంబంధమే ఈ సంగీతానికి ఆయువుపట్టు. ప్రతి గోండు వంశానికి సొంత ప్రధాను కుటుంబం ఉంటుంది. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే. మెస్రం వారి ప్రధాను కూడా మెస్రమే. ఈ హోదాలో ఆయనను పటాడి అంటారు. ఒకరి పటాడి మరొకరి ఇంటికి కథ చెప్పడానికి పోడు. తండ్రి తిరిగిన ఇళ్లే కొడుకుకు వస్తాయి. గోదావరికి ఈవలి తెలంగాణలో ఇలాంటి కట్టుబాటు కొత్తది కాదు. గొల్ల కురుమలకు ఒగ్గువాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు, చిందువాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, గౌడులకు జెట్టివాళ్లు ఉన్నారు. ఆశ్రిత కులాలని పేరు పెట్టిన ఈ ఏర్పాటులో ప్రతి కులం తన పుట్టుక కథను దాచిపెట్టుకోవడానికి ఒక మనిషిని పోషించుకుంది. డక్కలి దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెరను ఆ దారిలోనే అందుకున్నారు. అడవి అంచున కిక్రి అదే ఏర్పాటుకు గోండుల రూపం.

కథ విషయానికి వస్తే, గోండు సమాజం నాలుగు సగలుగా ఉంది: నాలుగు దేవతలవారు, ఐదు దేవతలవారు, ఆరు దేవతలవారు, ఏడు దేవతలవారు. ఒకే సగవాళ్లు అన్నదమ్ములు. వాళ్ల మధ్య పెళ్లి పొసగదు. ఈ విభజన ఎలా ఏర్పడిందో చెప్పేదే ప్రధానుల మూలకథ. గుహలో బందీలైన గోండు దేవతలను పహండి కుపార్ లింగాల్ విడిపించడం, వాళ్లను సగలుగా విడదీసి ఎవరు ఎవరిని పూజించాలో, ఎవరిని పెళ్లాడాలో నియమం పెట్టడం అందులో ముఖ్యఘట్టాలు. జంగుబాయి ఆ దేవతలను సాకిన తల్లి. కెరమెరి మండలం మహరాజ్‌గూడ కొండల్లో ఆమె గుహకు పుష్యమాసంలో ఈనాటికీ గోండులు తరలిపోతారు. ఈ కథలోనే హీరాసుక అనే మొదటి పటాడి కనిపిస్తాడు. కిక్రి పట్టిన ప్రతి ప్రధానూ తన విద్యకు మూలపురుషుడు ఆయనేనంటాడు. మూలకథ తరవాత వంశాల వలసలు, పెర్సాపేన్లనే కులదైవాల మహిమలు, గోండు రాజుల గాథలు, పాండవుల కథలు ఒక్కొక్కటిగా వస్తాయి.

ఈ కథలకు ఎండాకాలమే ఎందుకు అనువైందో పొలం చెబుతుంది. ఇక్కడి నల్లరేగడి చేలలో పత్తి, జొన్న, కంది ప్రధానమైన పంటలు. తొలకరితో మొదలైన పని శీతకాలంతో తీరుతుంది. హోలీ నాటికి కల్లాలు ఖాళీ. ఆ తరవాత పని అడవికి మారుతుంది. ఫాల్గుణ చైత్రాల్లో తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరుతారు. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు కోసి కట్టలు కట్టి కల్లంలో ఆరబెడతారు. ఈ పనులన్నీ పొద్దెక్కేలోపే ముగుస్తాయి. మిట్టమధ్యాహ్నం ఎండ 45 డిగ్రీలకు చేరే ఈ నేల మీద పగలు ఎవరూ కదలరు. పొద్దుగూకాక నేల చల్లబడుతుంది, చేతిలో నాలుగు రూపాయలుంటాయి, గాదెలో గింజలుంటాయి, పొద్దున్నే నాగలి కట్టే తొందర ఉండదు. తెల్లవార్లూ సాగే కథకు ఇంతకంటే మంచి కాలం లేదు. వానాకాలంలో దారులు మూసుకుంటాయి, వాగులు పొంగుతాయి. ఎండాకాలంలో పటాడి ఏ గూడేనికైనా వాగు నడిమి ఇసుకలోంచే నడిచిపోగలడు.

ఎండాకాలంలో మొదటి పెద్ద పని కులదైవం పూజ. వైశాఖ మాసాన్ని గోండులు భావే అంటారు. పుష్యంలో ఒకసారి, భావేలో ఒకసారి పెర్సాపేన్‌కు, అంటే పెద్దదేవుడికి, పూజ జరగడం ఆనవాయితీ. ఒక్కొక్క వంశానికి ఒక్కొక్క పెర్సాపేన్. ఆ దేవుడికి బొమ్మ ఉండదు. ఇనుప బరిసె మొన, చామరం, గజ్జెలు ఆయన గుర్తులు. మామూలు రోజుల్లో అవి మనుషుల కంటపడని చోట భద్రంగా ఉంటాయి. పూజవేళ వాటిని బయటికి తీసి నీళ్ల దగ్గరికి తీసుకుపోయి కడుగుతారు. వంశ పూజారి కటోడ. ఆయన పక్కన పటాడి ఉండి తీరాలి. కటోడ చేతులు చేసే పనికి పటాడి కథ అర్థం చెబుతుంది. ఏ దేవుడు ఎక్కడి నుంచి వచ్చాడు, ఏ చెట్టు కింద ఆగాడు, వంశంలో ఎవరికి ఏ మాట ఇచ్చాడు అని తీగ మీద చెప్పిన తరవాతే మొక్కు దేవుడికి చేరినట్టు లెక్క.

పెర్సాపేన్ పూజలో రెండు ఘట్టాలు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గవి. వంశంలో చనిపోయినవాళ్ల ఆత్మలు ఈ సందర్భంలోనే పెద్దదేవుడిలో కలుస్తాయని గోండుల నమ్మకం. ఇంటికి కొత్తగా వచ్చిన కోడళ్లను దేవుడికి చూపించేదీ ఈ సందర్భంలోనే. ఒక పక్క పోయినవాళ్లకు వీడ్కోలు, మరో పక్క వచ్చినవాళ్లకు ఆహ్వానం. రెండింటికీ సాక్షి కిక్రి. దూరాన ఉన్న గూడేల నుంచి ఒకే ఇంటిపేరు వాళ్లంతా బండ్లు కట్టుకుని వస్తారు. ఇప్పుడు ట్రాక్టర్లు, ఆటోలు. చెట్ల కింద పొయ్యిలు పెట్టి వండుకుంటారు. రాత్రి కథ, పగలు పూజ, నడుమ పెళ్లిసంబంధాల మాటలు. ఏడాదంతా చెల్లాచెదురుగా బతికిన వంశం ఈ కొద్ది రోజులు ఒక్క చోట ఒక్క ఇల్లై ఉంటుంది.

రెండో పెద్ద పని పెళ్లిళ్లు. గోండుల పెళ్లి ఎక్కువగా వరుడి ఇంట జరుగుతుంది. పెళ్లికూతురు వాళ్లు మేళంతో తరలివస్తారు. పచ్చటి పందిరి కింద పెప్రె ఎత్తుకోగానే ఆడవాళ్లు చేయీ చేయీ పట్టుకుని డెంసా మొదలుపెడతారు. డోలు దెబ్బకు వరస ముందుకు వంగుతుంది, వెనక్కి జరుగుతుంది, పాములా మెలిక తిరుగుతుంది. ఆట అలసిపోయిన చోట కిక్రి అందుకుంటుంది. రెండు వంశాల పుట్టుక, రెండు సగల వరస సభలో వినిపించడం పటాడి బాధ్యత. పెళ్లి కుదిర్చేముందు ఇంటిపేర్ల చిక్కు వస్తే పెద్దలు అడిగేదీ ఆయన్నే. కాగితం మీద రాసుకోని సమాజంలో పటాడి జ్ఞాపకమే దస్తావేజు. ఆయన పొరపాటు పడితే అన్నాచెల్లెళ్ల వరసవాళ్లకు ముడిపడే ప్రమాదం ఉంది. అందుకే ఈ విద్యలో కల్పనకు హద్దు ఉంది. రాగంలో, పలుకులో సొంత నేర్పు చూపవచ్చు. వంశం వరస మాత్రం చెక్కు చెదరరాదు.

మూడో పని చావు కర్మలు. పంటకాలంలో పోయినవాళ్లకు అప్పటికి చేయవలసింది చేసి, పెద్ద కర్మను చేతిలో డబ్బు, గింజ ఉండే ఎండాకాలానికి వాయిదా వేసుకునే ఇళ్లున్నాయి. పటాడి వచ్చి పోయిన మనిషి వంశాన్ని తలుచుకుంటూ పాడతాడు. బట్టలు, గింజలు, డబ్బు, కలిగినవాళ్లైతే ఆవో ఎద్దో ఆయనకు ఇవ్వడం ఆచారం. ఇది కూలి కాదు, భిక్ష అంతకన్నా కాదు. ఇచ్చే ఇల్లు తన పూర్వీకుల మాటను నిలిపినందుకు తీర్చుకునే బాకీ అది. పటాడి ఏడాది బతుకులో పెద్ద భాగం ఈ రెండు మూడు నెలల మీదే నిలిచేది.

కథ చెప్పే తీరుకు ఒక క్రమం ఉంది. ప్రధాన కథకుడు కిక్రి భుజానికి ఆనించుకుని కూర్చుంటాడు. పక్కన వంతపాట అందుకునేవాళ్లు ఉంటారు. ముందు కమాను ఒక్కసారి దీర్ఘంగా సాగుతుంది. గుంపులో గుసగుస ఆగేది అప్పుడే. ఆ తరవాత కొంత పాట, కొంత మాట. పాటలో సాగిన చరణం చివరను తోడువాళ్లు అందుకుని మళ్లీ పలుకుతారు. ఆ లోపు కథకుడు ఊపిరి తీసుకుని తరవాతి చరణం తలుచుకుంటాడు. మాట నడిచేటప్పుడు కమాను సన్నగా శ్రుతి పట్టి ఉంటుంది. యుద్ధం వస్తే దరువు పెరుగుతుంది. దేవత ఏడిస్తే వేలు తీగ మీద నెమ్మదిగా కిందికి జారుతుంది. ఒక పెద్ద కథ ఒక్క రాత్రిలో తీరదు. ఎక్కడ ఆపింది అక్కడి నుంచే మర్నాటి రాత్రి ఎత్తుకుంటారు. వినేవాళ్లలో ముసలివాళ్లకు ఈ కథ ముందే తెలుసు. తప్పు దొర్లితే వాళ్లు దగ్గుతారు. ఆ దగ్గు చాలు, కథకుడు సర్దుకుంటాడు.

ఈ విద్యకు బడి కూడా ఎండాకాలమే. పటాడి కొడుకు మొదట డోలు మోస్తాడు. తరవాత వంతపాట అందుకుంటాడు. ఎన్నో రాత్రులు విన్న తరవాతే కిక్రి చేతికి వస్తుంది. పుస్తకం లేదు, స్వరలిపి లేదు. తండ్రి వెనక కూర్చుని, నిద్ర ఆపుకుని, చరణం చివర తప్పకుండా పలకడమే పాఠం. ఇప్పుడు పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో, పట్నం హాస్టళ్లలో చదువుతున్నారు. వాళ్లు గూడేనికి వచ్చేది వేసవి సెలవుల్లోనే. పూజలూ పెళ్లిళ్లూ అదే రోజుల్లో పడటం ఈ సంగీతానికి మిగిలిన గొప్ప అదృష్టం. చదువుకునే పిల్లవాడికి తాత పక్కన కూర్చునే అవకాశం ఏడాదిలో ఆ కొద్ది వారాలే.

జ్యేష్ఠం ముదిరి మొదటి వాన పడగానే ఈ కాలం ముగుస్తుంది. ఆషాఢంలో అకాడి పండుగ చేసి పశువులను అడవికి తోలుతారు. మనుషులు చేలల్లో పడతారు. శ్రావణం చివర పొలాల పండుగ, తరవాత దండారీ వస్తాయి. దండారీ నాళ్లలో దండేపల్లి మండలం గుడిరేవు దగ్గర గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో దేవత సన్నిధికి గుస్సాడీ బృందాలు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. పుష్యంలో మెస్రం వంశం వాళ్లు కేస్లాపూర్ నాగోబా అభిషేకం కోసం గోదావరి జలం తేవడానికి కాలినడకన బయలుదేరుతారు. వాళ్లు నీళ్లు ముంచుకునే హస్తినమడుగు మంచిర్యాల జిల్లాలోనే, జన్నారం మండలం కలమడుగు దగ్గర ఉంది. నీటి పాత్ర వెంట కటోడ, పటాడి ఇద్దరూ నడుస్తారు. పుష్య అమావాస్య రాత్రి నాగోబాకు పూజ జరుగుతుంది. కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ అక్కడా ఉంది. శీతకాలపు ఆ జాతరకు లక్షల జనం వస్తారు. ఎండాకాలపు కథారాత్రికి వంశం వాళ్లే వస్తారు. జాతర బయటి ప్రపంచానికి తెలిసింది. ముంగిట్లో మోగిన కిక్రి తెలియలేదు.

తెలుసుకున్నవాళ్లు కొద్దిమంది ఉన్నారు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగిన తరవాత, గిరిజనుల తిరుగుబాటుకు కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను వినియోగించుకుంది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయి గూడెంలో గుడిసె వేసుకుని ఉన్నారు. ప్రధానులు చెప్పిన కథలను ఆయన గోండిలో విని రాసుకున్నారు. 1948లో వెలువడిన ఆయన రాజగోండుల గ్రంథానికి ఆ కథలే పునాది. 1943లో మార్లవాయిలో మొదలైన గోండు ఉపాధ్యాయుల శిక్షణ, గోండి వాచకాలు ఆయన చొరవ ఫలితమే. బెట్టీ 1987లో కన్నుమూస్తే ఆమె సమాధి మార్లవాయిలోనే కట్టారు. హైమన్‌డార్ఫ్ ఇక్కడ ఉన్న కాలంలోనే ఈ జిల్లాలో అధికారిగా పనిచేసిన సేతుమాధవరావు పగ్డీ గోండి నేర్చుకుని ఆదిలాబాద్ గోండుల మీద పుస్తకం రాశారు. తరవాతి కాలంలో నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపిలో రాసిన పాత ప్రతులు వెలుగుచూశాయి. ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. నోటి కథకు రాత తోడయ్యే దారి అలా తెరుచుకుంది.

ప్రధానులు ఈ జిల్లాలకే పరిమితం కాదు. మధ్యప్రదేశ్‌లో నర్మద ఎగువ లోయలో ఉన్న ప్రధానులు బానా అనే ఇలాంటి వాద్యమే వాయిస్తారు. శామ్‌రావ్ హివాలే 1946లో వాళ్ల మీద పుస్తకం రాశారు. అక్కడ పోషకుల ఆదరణ తగ్గాక, పాటన్‌గఢ్‌లో పుట్టిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే ప్రధాన్ యువకుడు పాటలోని దేవతలను రంగుల్లోకి దించాడు. భోపాల్ భారత్ భవన్ ఆయనకు ఆసరా ఇచ్చింది. 2001లో చిన్న వయసులోనే జపాన్‌లో మరణించినా, ఆయన బాటలో ఇవాళ గోండు చిత్రకళ దేశదేశాలకూ పోయింది. ఒక విద్య నిలవడానికి మరో రూపం ఎత్తవచ్చని అది చూపింది. రూపం మారినప్పుడు తీగ మౌనమైందన్న సంగతి కూడా మరువరానిది.

అమెరికాలో అప్పలేషియన్ కొండల చుట్టుపక్కల పల్లెల సంగీతానికీ ఇలాంటి కథే ఉంది. స్కాట్లండ్, ఐర్లండ్ వలసదారుల ఫిడేలు, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల బాంజో కలిసి అక్కడి ఇళ్ల ముంగిళ్లలో మోగేవి. కెంటకీకి చెందిన బిల్ మన్రో 1940లలో దాన్ని బ్లూగ్రాస్ అనే రూపంలో నిలబెట్టాడు. పల్లెలు ఖాళీ అయి శ్రోతలు పట్నాలకు పోయాక ఆ సంగీతం ఎండాకాలపు జాతరలను ఆశ్రయించింది. 1965లో వర్జీనియాలోని ఫిన్‌కాసిల్‌లో అలాంటి పలు రోజుల ఉత్సవం జరిగింది. అప్పటి నుంచి ఏటా వేసవిలో జనం గుడారాలు వేసుకుని, వేదిక మీద పాట అయ్యాక గుడారాల మధ్య గుంపులుగా కూర్చుని వాయించుకుంటారు. కొత్తవాళ్లు నేర్చుకునేది ఆ గుంపుల్లోనే. పెర్సాపేన్ దగ్గర చెట్ల కింద కూర్చునే వంశానికీ వాళ్లకూ పోలిక ఇట్టే కనిపిస్తుంది. తేడా ఒక్కటే. అక్కడ ఇష్టపడ్డవాళ్లు ఎవరైనా వాయించవచ్చు. ఇక్కడ కిక్రి ఒక బాధ్యత, ఒక ఇంటికి మరో ఇంటి మీదున్న హక్కు.

ఆ బాధ్యతే ఇవాళ బలహీనపడింది. పెళ్లి పందిట్లోకి డీజే పెట్టెలు వచ్చాయి. వాటి ముందు మూడు తీగల గొంతు వినబడదు. భూములు పోగొట్టుకున్న గోండు ఇల్లు పటాడికి ఎద్దు ఇవ్వలేకపోతోంది. గుర్రాలు కనిపించని చోట గుర్రపు వెంట్రుక దొరకదు. బడిలో తెలుగు, ఇంగ్లీషు నేర్చిన పిల్లలకు పాత గోండి మాటలు బరువుగా తోస్తాయి. వీటన్నిటికంటే లోతైన కారణం మరొకటుంది. పూజలో పటాడికి ముందు పీట వేసిన సమాజమే పంక్తిలో ఆయన్ని దూరంగా కూర్చోబెట్టింది. గోండులు ప్రధానుల ఇంట తినేవారు కాదు, వాళ్లతో వియ్యమందేవారు కాదు. చదువుకున్న యువకుడు కిక్రి పక్కన పెట్టడంలో ఆ అవమానానికి ఇచ్చిన జవాబు కూడా ఉంది. తీగను మాత్రం మెచ్చుకుని మనిషిని తక్కువ చేస్తే ఆ తీగ నిలవదు.

ఆశకు తావు లేకపోలేదు. ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రం గోండి భాషకు గాలిలో చోటిచ్చింది. మార్లవాయి గుస్సాడీ కళాకారుడు కనక రాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. కిన్నెర మొగిలయ్యకు 2022లో, నారాయణపేట జిల్లా బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో అదే గౌరవం దక్కింది. పల్లె తీగలకు దేశం తలవంచడం మంచి మాటే. కిక్రికి మాత్రం బిరుదుతో పాటు ఇంకొన్ని కావాలి. వైశాఖపు రాత్రి ముంగిలి కావాలి. కథలోని వరస తప్పితే దగ్గే ముసలివాళ్లు కావాలి. పటాడికి పూజలో ఇచ్చిన గౌరవం పంక్తిలోనూ దక్కాలి. ఎండాకాలం సెలవులకు గూడెం చేరిన పిల్లవాడు తాత వెనక డోలు పట్టుకుని కూర్చోవాలి. ఒక్క వంశం కథను మొదటి నుంచి చివరి దాకా రాత్రుల తరబడి రికార్డు చేసి, ఆ రికార్డును మొదట ఆ వంశానికే అప్పగిస్తే అది పెద్ద పని అవుతుంది.

కిక్రి కాలపట్టిక భూమిదీ, అడవిదీ. ఇప్పపువ్వు రాలడంతో మొదలై, భావే పూజలతో పండి, పెళ్లి పందిళ్ల కింద తిరిగి, తొలకరి వానతో గోడకు చేరుతుంది. వానాకాలమంతా పొగచూరిన ఆ గోడ మీద వేలాడుతూ ఉంటుంది. మళ్లీ వేసవిలో ఎవరి ఇంటి నుంచి పిలుపు వచ్చినా దాన్ని దించి, తీగ బిగించి, శ్రుతి చూసే చెయ్యి ఆ ఇంట్లో ఉండాలి.